మెండోవాన్‌కి పడిన ఎర్ర చుక్క

"గొడుగు తెచ్చుకోలేదా మేడమ్? మీ చార్టులో దానికి కూడా ఎర్ర చుక్క పెట్టేశారా ఏంటి?"

తలెత్తకుండానే అన్నాడు సేతో. కినాంతికి ఒళ్ళు మండింది. కానీ బయట వాన. స్లామెత్ కొండ మీంచి దిగిన మబ్బు పుర్వోకెర్తో ఊరి వీధుల మీద తెల్లటి దుప్పటిలా కప్పేసింది. ఎదురుగా ఉన్న ఆరోగ్య కేంద్రం గేటు కూడా కనబడడం లేదు. అందుకే ఆమె సేతో మెండోవాన్ బజ్జీల బండి మీద కట్టిన టార్పాలిన్ కిందే నిలబడిపోయింది.

నిజం చెప్పాలంటే, వాన లేకపోయినా వచ్చేదే. మూడు నెలలుగా ఆమె సాయంత్రాలన్నీ ఇక్కడే గడిచాయి. అతను ఆకు విప్పి, లోపల పులిసిన సోయా గింజల పలచటి టెంపే రేకుని ఉల్లికాడల పిండిలో ముంచి, నూనెలోకి జార్చేటప్పుడు ఒక్కసారి ఇటు చూసేవాడు. ఆ చూపు కోసం ఆమె ఆఫీసులో గడియారం ముల్లుని బతిమాలుకునేది.

వారం రోజులుగా ఆ చూపు బంద్.

ఆరోగ్య కేంద్రంలో పోషకాహారం సంగతి చూసేది కినాంతే. బడి క్యాంటీన్లలో ఏం పెట్టొచ్చో చెప్పే చార్టు తయారు చేసింది. పచ్చ చుక్క ఉంటే రోజూ తినొచ్చు, పసుపు ఉంటే అప్పుడప్పుడు, ఎర్రది ఉంటే అసలు వద్దు. సేతో ఇచ్చిన మెండోవాన్‌నే ల్యాబుకి పంపింది. ప్రోటీన్ బాగానే ఉంది గానీ, నూనె అంకె చూశాక ఎర్ర చుక్క పెట్టక తప్పలేదు, ఆ మాట అతనికి చెప్పకా తప్పలేదు. సోమవారం ఆ చార్టు బడులన్నిటికీ వెళ్తుంది. ఆ బడులకి పొద్దున్నే మెండోవాన్ పంపేది సేతో, వాళ్ళమ్మ. కినాంతి అబద్ధం రాయనూ లేకపోతోంది, అతన్ని వదులుకోనూ లేకపోతోంది.

"కూర్చోండి," అన్నాడు చివరికి. "మా బండి దగ్గరికొచ్చిన మనిషి ఏమీ తినకుండా వెళ్తే మా అమ్మ ఊరుకోదు."

"తింటాను. మీ కోపం కూడా వడ్డిస్తారా?"

"అది ఫ్రీ."

ప్లేటులో రెండు మెండోవాన్లు, పక్కన నాలుగు పచ్చిమిరపకాయలు. ఆమె ఒకటి ఎత్తింది. మెత్తగా, పొగలు కక్కుతూ వేళ్ళ మీంచి కిందికి వాలిపోయింది. ఒక కొరుకు అది, ఒక కొరుకు మిరపకాయ. వాన చప్పుడుకీ, ఆవిరి వెచ్చదనానికీ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఉన్నట్టుండి నమలడం ఆపేసింది.

"సేతో గారూ, ఆ రోజు ల్యాబుకి ఇచ్చినవి ఇలా లేవు."

"ఎలా ఉన్నాయేంటి?"

"విరిస్తే ఫట్‌మన్నాయి. డబ్బాలో గలగల్లాడాయి. చల్లారి బిగుసుకున్నాయేమో అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది!"

సేతో చెవులు ఎర్రబడ్డాయి. వెనకాల ఆకులు తుడుస్తున్న వాళ్ళమ్మ సుమిరా అందుకుంది.

"నేనే చెప్పానమ్మాయ్. సర్కారు ల్యాబుకి వెళ్ళేవి కదా. మనమంటే సగం వేగిందే ఇష్టంగా తింటాం. అక్కడి పెద్దమనుషులు చూసి, 'ఇదేంటి, పచ్చిపచ్చిగా తగలేశారు' అనుకోరూ? ఊరి పరువు ఏం కావాలి? అందుకే కరకరలాడేదాకా వేయించమన్నాను."

"రెండుసార్లు వేయించాను," గొణిగాడు సేతో. "అడిగింది మీరు కదా అని."

కినాంతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అయ్యో! వేగేకొద్దీ లోపలి నీళ్ళు పోతాయి, ఆ చోట్లో నూనె దూరుతుంది. మీరు నాకిచ్చింది మెండోవాన్ కాదండీ, నూనె తాగిన అట్టముక్క!"

"అయితే ఎర్ర చుక్క తీసేస్తారా?"

"తీయను. మామూలుగా అమ్మేవి ఇవ్వండి, మళ్ళీ పరీక్ష చేయిస్తాను. అప్పుడూ ఎర్రదే వస్తే ఎర్రదే రాస్తాను. మీరు జన్మలో నా మొహం చూడకపోయినా సరే."

చివరి మాట అనేటప్పుడు ఆమె ప్లేటు వైపే చూసింది. అతను అది గమనించాడు. నాలుగు మెత్తటి మెండోవాన్లు అరిటాకులో చుట్టి ఇచ్చాడు.

శనివారం సాయంత్రం సన్నటి తుంపర పడుతుంటే, కినాంతి రిపోర్టు పట్టుకుని వచ్చింది.

"పసుపు," అంది.

"పచ్చ కాదా?"

"నూనె నూనే కదా. కాకపోతే అప్పటి కంటే చాలా తక్కువుంది. టెంపే మాత్రం బంగారం. పులియబెట్టిన సోయా కాబట్టి పిల్లలకి తేలిగ్గా అరుగుతుంది. మెండోవాన్ వారానికి రెండు రోజులు పంపండి. మిగతా రోజులు అరిటాకులో ఉడికించిన టెంపే పంపండి, దానికి పచ్చ చుక్క."

"ఉడికించిందా! పిల్లలు నన్ను తరిమి కొడతారు," అని నవ్వాడు సేతో. ఎన్నాళ్ళకో ఆమె వైపు సూటిగా చూశాడు. "ఇంతకీ రోజూ తినకూడదంటున్నారు. మరి మీరు మూడు నెలలుగా రోజూ వస్తున్నారేంటి?"

"తినడానికే వస్తున్నానని ఎవరన్నారు?"

అనేసింది. సేతో స్టవ్ ఆపేశాడు.

"అయితే తినకపోయినా రండి," అన్నాడు నెమ్మదిగా. "మీరంటే నాకు చాలా ఇష్టం. ఈ వారమంతా కోపం నటించలేక చచ్చాను."

"నేను మాత్రం ఈ వారం బాగున్నానా?" అంది ఆమె.

సుమిరా చేతిలో ఆకులు కింద పెట్టింది. "అమ్మాయ్, రేపు ఆదివారం మీ నాన్నగారు ఇంట్లోనే ఉంటారా?"

"ఉంటారండీ. ఎందుకు?"

"ఎందుకేంటి తల్లీ," అంది సుమిరా. "పిల్లనడగడానికి."