అమ్మమ్మ గిన్నెకి సరైన పేరు

మొదటి రోజే కనయె నన్ను దొంగను చూసినట్టు చూసింది. తప్పు నాదే. వాళ్ళ అమ్మమ్మ అన్నం గిన్నె మీద "పాత గిన్నె" అని చీటీ అంటించాను.

హగి ఊళ్ళో నాది పాత సామాన్ల కొట్టు. ఖాళీ చేసే ఇళ్ళకి వెళ్ళి, ప్రతి వస్తువుకీ దాని పేరు రాసి చీటీ అంటించి, కొట్టుకి తెచ్చుకుంటాను. కనయెని పెంచిన అమ్మమ్మ తోమె గారు చలికాలంలో పోయారు. అద్దె ఇల్లు, నెలాఖరుకి అప్పగించాలి. అప్పుడే వానలు మొదలయ్యాయి.

"అది అమ్మేది కాదండీ," అంది కనయె.

"అయితే కతమి అని రాస్తాను." పోయినవాళ్ళ గుర్తుగా దాచుకునే వస్తువుని మేం అలాగే అంటాం.

"ఆ మాట అసలే వద్దు. చేతిలో కలం ఉంటే మీకు ఊరుకోబుద్ధి కాదా?"

ఆ కోపం కూడా నాకు నచ్చింది. ఏం చేస్తాం, నా రాత.

నాకూ మొండితనం ఉంది. ఆమె చూడకుండా కతమి అని రాసి అంటించాను. పక్క గదిలోకి వెళ్ళి వచ్చేసరికి గిన్నె బోర్లించి ఉంది, చీటీ దాని కింద ఉంది. కనయె పెరట్లో బట్టలు తీస్తోంది. వాన చెమ్మకి జిగురు ఊడిందని నాకు నేనే చెప్పుకున్నాను. గిన్నెని ఎవరు బోర్లించారో మాత్రం ఆలోచించదలుచుకోలేదు.

మధ్యాహ్నం భోంచేసి వెళ్ళమంది. నాకు అన్నం పులుసు గిన్నెలో పెట్టింది. అమ్మమ్మ గిన్నెలో కూడా పెట్టి, ఎవరూ కూర్చోని పీట ముందు ఉంచింది. నచ్చినవాళ్ళ అన్నం మీద అమ్మమ్మ అడక్కుండానే జాడీలో ఊరేసిన పుల్లటి ఉమె పండు పెట్టేదట. నచ్చకపోతే ఆ జాడీ కంటికి కూడా కనపడనిచ్చేది కాదట. ఇద్దరం నవ్వుకుంటూ టీ నీళ్ళ కోసం లేచాం. తిరిగొచ్చేసరికి ఆ గిన్నెలో అన్నం ఎడమ పక్కన తవ్వినట్టుంది.

"అమ్మమ్మది ఎడమచేతి వాటం," అంది కనయె మామూలుగా.

అన్నం తినే పుల్లలు నా చేతిలోంచి జారిపోయాయి.

శవపేటిక గడప దాటేటప్పుడు పోయినవాళ్ళ అన్నం గిన్నె పగలగొట్టడం మా ఆచారం. ఇక్కడ నీకు అన్నం లేదు, తిరిగి రావద్దు అని చెప్పడం అది. ఆ రోజు కనయెకి చేతులు రాలేదట. అమ్మమ్మ గిన్నె దాచేసి, అతిథులకి పెట్టే గిన్నె పగలగొట్టింది. అప్పట్నుంచీ ఆవిడ భోజనానికి వస్తూనే ఉంది.

"రేవు దగ్గర గది చూసుకున్నాను. నేను వెళ్ళిపోతే తను వచ్చి ఖాళీ ఇంట్లో కూర్చుంటుంది. గిన్నె పగలగొడితే మళ్ళీ ఎప్పటికీ రాదు. ఏది చెయ్యమంటారు?"

పని లేకపోయినా చీటీల వంకతో రోజూ వెళ్ళాను. ఆమె చిక్కిపోతుంటే చూడలేకపోయేవాణ్ణి.

నెలాఖరున వెళ్ళేసరికి ఇల్లంతా బోసిగా ఉంది. కనయె గడప దగ్గర గిన్నెని గుడ్డలో చుట్టి, రాయి పట్టుకుని కూర్చుంది. అప్పుడే ఖాళీ వంటింట్లో ఎవరో పుల్లలు సర్దిన చప్పుడైంది. ఇద్దరం విన్నాం. పారిపోదామనే అనుకున్నాను, కానీ ఆమె మొహం చూశాను.

"ఆగు కనయే," అన్నాను. "దానికి పేరు దొరికింది. క్యకుజవాన్."

"అతిథి గిన్నెనా? అమ్మమ్మ అతిథేంటి?"

"ఇంటిమనిషైతే ఈ ఇల్లే వెతుక్కుంటూ వస్తుంది. అతిథి అలా కాదు, ఎక్కడికి పిలిస్తే అక్కడికే వస్తుంది. తిని, తృప్తిగా వెళ్తుంది. బోన్ పండక్కి పోయినవాళ్ళంతా అలాగే కదా వచ్చేది? మనమూ పిలుద్దాం."

కనయె రాయి పక్కన పెట్టి ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని, "మనమా? మధ్యలో నువ్వెవరు?" అంది.

ఆ ప్రశ్నకి నా చీటీల్లో పేరు లేదు. క్యకుజవాన్ అని రాసి గిన్నెకి అంటించాను. ఈసారి ఊడలేదు. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

బోన్ సాయంత్రం కనయె కొత్త గది వాకిట్లో చిన్న మంట వెలిగించి అమ్మమ్మని పిలిచాం. లోపల ఆ గిన్నెలో వేడన్నం పెట్టింది. నా పులుసు గిన్నె కోసం చూశాను. దాని బదులు నీలం రంగు అన్నం గిన్నె ఒకటి నా ముందు పెట్టింది.

"ఇది కూడా అతిథి గిన్నేనా?"

"కాదు." చెవులు ఎర్రబడ్డాయి ఆమెకి. "నీ గిన్నె. రోజూ తినడానికి."

ఇద్దరం బయటికి వెళ్ళాం. వాకిట్లో మంట ఆర్పి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాం. అమ్మమ్మ గిన్నెలో అన్నం ఎడమ పక్కన తవ్వి ఉంది. నా గిన్నెలో అన్నం మీద ఎర్రగా ఒక ఉమె పండు ఉంది.

"నువ్వు పెట్టావా?" అన్నాను.

కనయె అల్మారా వైపు చూసింది. జాడీ మూత ఇంకా తాడుతో కట్టే ఉంది.

"తిను," అంది నా చెయ్యి పట్టుకుని. "వదిలేస్తే అమ్మమ్మకి కోపం వస్తుంది."