క్రియ ముందుకొస్తే నిజం

"గంగాదేవి తిన్నగా మాట్లాడితే నమ్మొద్దు," అన్నాడు చీఫ్. "వాక్యం తిరగబడి క్రియ ముందుకొస్తేనే నిజం. కోడ్ అదే."

పావగడ ట్రావెలర్స్ బంగళా. 1986 నవంబరు, ఉదయం తొమ్మిది. ఏజెంట్ నరసింహప్ప శెనక్కాయల వ్యాపారి వేషంలో తలపాగా చుట్టుకుంటున్నాడు. పదకొండుకు ఒక రక్షణ శాస్త్రవేత్త జీపు వై.ఎన్.హొసకోట మీదుగా వెళ్తుంది. విదేశీ ముఠా దారిలో టైంబాంబు పెట్టింది. ఎక్కడన్నది ముఠాలో చేరిన మన డబుల్ ఏజెంట్, నాటకాల నటి గంగాదేవికే తెలుసు.

"జీపును ఆపేస్తే?"

"ఆమెను చంపేస్తారు."

పదిన్నరకు హొసకోట సంత. నరసింహప్పకు కాలు నిలవడం లేదు.

"రాలేదప్పా ఈ ఏడూ వాన!" అన్నాడొక రైతు.

"ఎండిపాయ మా బోరు!" అన్నాడింకొకడు.

నరసింహప్ప ఉలిక్కిపడ్డాడు. కడుపు మండిన ప్రతివాడూ క్రియ ముందే పెడుతున్నాడు! ఈ గోలలో ఆమె మాట ఎలా పట్టుకోవడం?

పది యాభైకి నాటకాల వ్యాన్ ఆగింది. నల్లకళ్లద్దాలు, ఎర్రచీర, చేతిలో మైకు. గంగాదేవి! పక్కనే ముఠా మనిషి. అతని టవల్ కింద పిస్టల్ ఆమె నడుముకు ఆనింది.

"మహాజనులారా! రేపు నాగలమడిక ఏటి కాడ నాటకం ఆడతాం. ఎల్లుండి తిరుమణిలో ఆడతాం. ఆడతాం ఈ పొద్దు, ఈ గేటు కాడనే, శెనక్కాయల బండి ముందర!"

ఆ తిరగబడ్డ వాక్యం మీద ముఠా మనిషికి అనుమానం రాలేదు. మైకులో అలా అరవడం మామూలే.

నరసింహప్ప పరుగెత్తాడు. రోడ్డు వారన, సంత గేటు పక్కన బైలప్ప అనే రైతు బండి. మూటల్ని వరసగా కత్తితో చీల్చాడు.

"కోసినావే నా మూటలు! ఏందప్పా నీకు పిచ్చా?" బైలప్ప కేక.

మూడో మూటలో టిక్, టిక్. రోడ్డు మలుపులో జీపు హారన్. ముఠా మనిషి పిస్టల్ ఎత్తాడు. గంగాదేవి మైకుతో వాడి మణికట్టు మీద ఒక్కటి వేసింది. గుండు గాల్లోకి పోయింది, వాణ్ని సంత జనం పట్టుకున్నారు. నరసింహప్ప ఎర్ర వైరు లాగేశాడు. గడియారంలో ఇంకా రెండు సెకన్లు. జీపు దుమ్ము రేపుకుంటూ దాటిపోయింది.

"దేశాన్ని కాపాడినాం పెద్దాయనా," అన్నాడు రొప్పుతూ.

"కాపాడినారు, సరే. నాలుగెకరాల్లో పండింది ఈ మూడు మూటలే. ఏరండి ఇద్దరూ!"

ఏజెంటూ, డబుల్ ఏజెంటూ మోకాళ్ల మీద కూర్చున్నారు. తూకం తగ్గితే ఒప్పుకోనని బైలప్ప ముందే చెప్పాడు.