సొరంగంలో పాలడబ్బా

సౌదీలోని బురైదాలో ఒక ఖర్జూర తోట గేటు ముందు, పికప్ స్టీరింగ్ మీద తల వాల్చి, నాగేందర్ శవమై దొరికాడు. ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. గుండెపోటు అన్నాడు డాక్టర్. అతని మెడ వెనక సూది గుర్తును రియాద్‌లో ఒకే ఒక్క మనిషి పట్టించుకున్నాడు.

ఆ మనిషి మస్తాన్ వలీ. అక్కడి బతా బజారులో మెస్ నడుపుతాడు. జనానికి తెలిసింది అంతవరకే. భారత గూఢచారి విభాగానికి అతను రియాద్ స్టేషన్ చీఫ్.

"మన ఏజెంటు నాగేందర్ ఆఖరి మెసేజ్ ఇదీ," అన్నాడు, వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్న హసీనాతో. "శుక్రవారం బస్సు. సొరంగం. పసిబిడ్డ తల్లి. బాంబు."

హసీనా చేతిలో కత్తి ఆగింది. ఆమె కడప వంటమనిషి అని పాస్‌పోర్టు చెబుతుంది. ఏజెంటు అని ఎక్కడా రాసి లేదు. పక్కగదిలో ఆమె కూతురు, ఎనిమిది నెలల ఫాతిమా, వలీ భార్య మహబూబ్బీ ఒళ్లో నిద్రపోతోంది.

"హఫర్ అల్ బాతిన్ ఊరి అవతల, ముప్పై ఏళ్ల కిందటి యుద్ధంలో విషవాయువుకు భయపడి తవ్విన సొరంగాలు ఉండాయి. ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తాండారు. మనోళ్ల బస్సు ఒకటి పోతాంది. అందులో మన దేశం తల్లే బాంబు పేల్చిందని లోకం నమ్మితే?"

"ఇక్కడుండే మనోళ్లందరికీ ఎగ్జిట్ కొట్టి దేశం నుంచి పంపించేస్తారు."

"దీని వెనకుండే విదేశీ ముఠాకు కావాల్సింది అదే."

"బస్సును ఆపించొచ్చు గదా భాయ్?"

"ఆపితే ఇంకో శుక్రవారం, ఇంకో బస్సు. బాంబు కట్టినోళ్లు, పంపినోళ్లు దొరకాల." వలీ గొంతు తగ్గించాడు. "నీకు తోడు పుష్ప. వెనక కారులో వస్తాది. నీ బుట్టకమ్మలో మైకు, రెండోదాంట్లో స్పీకరు. నీ మాట ముందు ఆమెకు, ఆమె కారులోని రిలే బాక్సు నుంచి నాకు."

పుష్ప బతాలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. మూడు పాస్‌పోర్టులు, నాలుగు భాషలు. ఆమె నడిచి వెళ్లాక కూడా అత్తరు వాసన కాసేపు అక్కడే ఉండిపోతుంది. విభాగానికి ఆమె స్టార్ ఏజెంటు.

"మనలోనే ఎవరన్నా అమ్ముడుపోయుంటే?"

"ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ ఇచ్చినా. ఒకరిది ఒకరికి తెలీదు. నీది, 'చాయ్‌లో ఉప్పు పడింది.' అది వింటే ఫస్టు ఫాతిమాను ఇక్కణ్ణించి మార్చేస్తా. తర్వాతే మిగతావి."

శుక్రవారం తెల్లవారకముందే బస్సు కదిలింది. బస్సుకు వంటమనిషిగా ఎక్కిన హసీనా అందరికీ ఇడ్లీ పొట్లాలు పంచింది. ఆమె టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో సైలెన్సర్ పిస్టల్ ఉంది.

"ఓ చెల్లె, ఇంత దూరం దెచ్చి బొందల దింపుతవట గదా," అన్నాడు బాలన్న. జగిత్యాల మేస్త్రీ. "మధ్యాహ్నం తిండన్నా వెడ్తవా, లేకుంటె అండ్లనే పూడ్సిపెడ్తవా?"

బస్సంతా నవ్వింది. హసీనా నవ్వలేకపోయింది. పసిబిడ్డతో ఉన్న తల్లి బస్సు మొత్తంలో ఒక్కతే. పేరు ఉమారాణి, ఊరు కాకినాడ దగ్గర. విజిట్ వీసా మీద మొగుడి దగ్గరికొచ్చింది. అతనికి డ్యూటీ ఉండటంతో ఒక్కతే బయల్దేరింది. ఒళ్లో బాబు, భుజాన సంచి.

"టార్గెట్ కన్ఫర్మ్‌డ్, డియర్," అంది చెవిలో పుష్ప. "సంచి మీద చెయ్యి వేస్తే ఆలోచించకు. షూట్."

సొరంగం మూతి దగ్గర ఉమారాణి ఆగింది. తన కంటి కాటుక వేలితో తీసి, బాబు అరికాలికి చుక్క పెట్టింది.

"చీకట్లోకి తీసుకెళ్తున్నానండి. దిష్టో, గాలో, ఏదైనా తగులుతుందేమోనని," అంది సిగ్గుపడుతూ.

పొద్దున బయల్దేరే ముందు హసీనా కూడా ఫాతిమా అరికాలికి అలాంటి చుక్కే పెట్టి వచ్చింది.

లోపల మసక బల్బులు, పాత ఇసుక బస్తాలు. మధ్యగదిలో అద్దాల పెట్టెలో గ్యాస్ మాస్కులు. వాటి పక్కన చిన్న రబ్బరు సంచి, దానికో గాజు కిటికీ. పసిపిల్లల్ని అందులో పెట్టి మూసేవాళ్లట. హసీనా చూపు తిప్పుకుంది. పొద్దుటి నుంచి ఆమె రొమ్ములు బరువెక్కి సలుపుతున్నాయి. ఈ వేళకు ఫాతిమా లేచి వెతుక్కుంటూ ఉంటుంది.

అప్పుడే బాబు ఏడుపు అందుకున్నాడు. ఉమారాణి వాణ్ణి ఇసుక బస్తా మీద పడుకోబెట్టి, సంచిలోంచి కొత్త పాలడబ్బా తీసింది.

"షి ఈజ్ డూయింగ్ ఇట్! షూట్ హర్!" మైకులో ఏడుపు విన్న పుష్ప గొంతు.

చేతిలోని టిఫిన్ క్యారియర్ అడుగున హసీనా వేళ్లు పిస్టల్‌ను తాకాయి. కానీ అరికాలి మీద ఆ నల్లచుక్క కళ్ల ముందు నుంచి కదలడంలేదు. కాసేపట్లో బిడ్డతో సహా పేలిపోబోయే మనిషి, ఆ బిడ్డకు దిష్టి తగులుతుందని భయపడుతుందా?

మూత సగం తిరిగింది. లోపల టిక్కుమంది. హసీనా ఎగిరి ఆమె చేతుల్ని డబ్బా మీద అదిమిపట్టింది.

"వదలద్దు మా! అట్లే నొక్కిపట్టు. వదిల్తే అందరం పోతాం. ఈ డబ్బా నీకు యెవరిచ్చినారు?"

"పుష్పగారండి... బ్యూటీ పార్లర్ ఆవిడ. బస్సులో దుమ్ము, సొరంగంలో చల్లగా ఉంటాది, అక్కడే తెరువన్నారు. ఏంటండి ఇది? ఏమైందండి?"

చెవిలో పుష్ప ఊపిరి శబ్దం ఆగింది. ఉమారాణిని కాల్చి ఉంటే డబ్బా కింద పడి పేలేది. కాల్చకపోతే మూత తెరుచుకుని పేలేది. ఎటు చూసినా పుష్పదే గెలుపు.

"వలీ భాయ్," అంది హసీనా. "చాయ్‌లో ఉప్పు పడింది."

పుష్ప నవ్వింది. "భయంతో ఏదేదో మాట్లాడుతున్నావ్ డియర్. నీ పాప బతాలో నిద్రపోతోంది. గుమ్మం బయట మావాడు ఉన్నాడు. ఆమె చేతులు వదిలేసి బయటికొచ్చెయ్. నీ పాప నీకుంటుంది."

టక్. లైను తెగిపోయింది. తన మాట వలీకి చేరిందా? లేదా? హసీనాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

ఆమె కదల్లేదు. బాలన్నను పిలిచి చెవిలో చెప్పింది. అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. మరుక్షణం అతనే గట్టిగా అరిచాడు.

"ఓర్నీ, బయట బిర్యానీ పొట్లాలు పంచుతున్నరంట! నడువుండ్రి! లేటైతె బొక్కలే మిగుల్తయి!"

బాంబు అని ఉంటే ఆ ఇరుకులో తొక్కిసలాటే. బిర్యానీ అన్నాక అందరూ వరసగా, చకచకా నడిచారు. గేటు దగ్గరి మిలిటరీ వాళ్లకు చెప్పడానికి బాలన్న ముందు పరుగెత్తాడు.

మధ్యగదిలో ముగ్గురే మిగిలారు. బాబు గుక్కపట్టాడు. ఆ ఏడుపుకు ఉమారాణి చేతులు వణికాయి. మూత కింద స్ప్రింగు పైకి తన్నింది.

"నావల్ల కాదండి... వాడు నీలమైపోతున్నాడండి..."

"నా పక్క చూడు. డబ్బా వదలద్దు."

హసీనా బాబును ఎత్తుకుంది. ఇసుక బస్తా మీద కూర్చుని, అబాయా చాటున రొమ్ము అందించింది. ఏడుపు ఆగింది. గుటకల చప్పుడు. ఉమారాణి చేతులు మెల్లగా నిలకడకొచ్చాయి. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి గానీ వేళ్లు మాత్రం కదల్లేదు.

సైనికుడొకడు మోకాళ్ల మీద కూర్చుని డబ్బాకు బిగింపు వేసేదాకా హసీనా కళ్లు మూయలేదు. ఆ సేపంతా ఆమె కళ్ల ముందు ఉన్నది ఒళ్లో బాబు కాదు, బతాలో ఓ గుమ్మం.

బయట ఎండలో ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. వలీ మెసేజ్: "ఉప్పు చాయ్ పారబోసినా. గుమ్మం కాడి వాడు దొరికినాడు. పాప మా అక్క ఇంట్లో ఉంది." కింద ఫాతిమా ఫోటో. హసీనా ఫోటోను పెద్దది చేసి, అరికాలి చుక్క వెతికి చూసుకుంది. రోడ్డు మీద చెక్‌పోస్టులో పుష్పను కారులోంచి దింపుతున్నారు. ఆమె ఇప్పటికీ లిప్‌స్టిక్ చెదరకుండానే ఉంది.

"బిర్యానీ ఏదిరా బాలన్నా?" అని బస్సంతా గొడవ. ఆ రాత్రి స్టేషన్ చీఫ్ బాలన్న అబద్ధం పుణ్యమా అని బస్సెడు మందికి బిర్యానీ వండాడు.

ఫాతిమా తల్లిని చూడగానే ఏడుపు లంకించుకుంది. పాలు చాల్లేదు. ఉన్నవన్నీ సొరంగంలోనే ఖర్చయ్యాయి. మహబూబ్బీ అలమార నుంచి కొత్త పాలడబ్బా తెచ్చి ముందు పెట్టింది.

హసీనా దానివంక చాలాసేపు చూసింది. తర్వాత పాపను మహబూబ్బీకిచ్చి, "మీరిద్దరూ వీధి చివరికి పోయి నిలబడండి," అని, కళ్లు గట్టిగా మూసుకుని మూత తిప్పింది.