మింగేసిన మొదటి అక్షరం

లోకేశ్వరి కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు అతుకుతోంది. వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్కొక్కటే మెలిపెడుతోంది. బెంగళూరు బస్సెక్కేలోపు ఈ పని ముగించాలి. పక్కన రెండో మరమగ్గం ఆడుతూనే ఉంది. నగరి ఊళ్లో ఆ చప్పుడు లేని వీధి లేదు. ఆ చప్పుడే ఆమె తండ్రి ధనంజయ చెవులను తినేసింది.

చదువైపోయాక ఆమె ఇంట్లో కూర్చునే ఒక బెంగళూరు కంపెనీకి పనిచేస్తోంది. చెవి మిషన్లలో పెట్టే చిప్పుకు కోడ్ రాస్తుంది. చిన్న బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని, చుట్టూ చప్పుడు లేనప్పుడు చిప్పులో కొంత భాగం నిద్రపోయేలా రాసింది. ఇప్పుడు ఆ కోడ్‌ను చిప్పు మీద తీగలుగా పరిచే పని నడుస్తోంది. ఆ పని చేసేవాళ్ల పక్కన వచ్చి కూర్చోమని ఆఫీసు పిలిచింది. ధనంజయ వద్దంటున్నాడు. కారణం అడిగితే చెప్పడు.

టిఫిన్ దగ్గర మళ్లీ అదే మాట వచ్చింది. తల్లి శకుంతలమ్మ కూతురి తరఫున ఎంత చెప్పినా ఆయన తలెత్తలేదు.

"నా మాట పెండ్లయిన కాడ్నించీ వినపడలేదులే ఆయప్పకు" అందామె.

లోకేశ్వరి లేచి మగ్గం ఆపింది. తండ్రి ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు వద్దంటా ఉండావు నాయనా?"

"ఈడుంటే నీ నోరు సూసి మాట తెలుసుకుంటా ఉండాను పాపా. ఆడికి పోతే? ఫోన్లో బొమ్మ ఆగాగి వస్తాది. నోరొక పక్క, మాటొక పక్క. ఇంగ నీతో మాట్లాడేది యాడ?"

పెళ్లికాని పిల్ల ఊరు దాటుతుందనే బెంగ అనుకుందామె ఇన్నాళ్లూ. ఆయనకు ఇంకాస్త దగ్గరికి జరిగింది. తర్వాత పెదవులు తేటగా కదిలేలా నిదానంగా చెప్పింది. నిద్రపోయిన భాగాన్ని లేపే తీగ చిప్పులో చాలా దూరం తిరిగి వస్తోంది. అందుకే ఆ భాగం ఆలస్యంగా లేస్తోంది. ఆ తీగను దగ్గరికి తేవాలంటే పరిచేవాళ్ల పక్కనే కూర్చుని చూడాలి.

"నువ్వా చెవి మిషన్ పెట్టుకున్నా, నేను నాయనా అని పిలిస్తే 'యనా' అనే వినపడతాది. మొదటి అక్షరం మింగేస్తా ఉండాది."

ధనంజయ చాలాసేపు ఆమె నోటివైపే చూశాడు.

"ఆ అక్షరం గూడా వినపడాల. ఆడికి పొయ్యి సరిజెయ్యి."

లేచి మగ్గం వేశాడు. దానిమీదికి వంగి నిలబడ్డాడు.

లోకేశ్వరి సంచి తగిలించుకుని గడప దగ్గర ఆగింది. పోయొస్తానని చెప్పాలంటే ఆయన ఇటు తిరగాలి. తిరిగితే ఆమె ముఖం చూస్తాడు. చూస్తే పంపలేడు. వంగిన ఆ భుజాలను కళ్లనిండా చూసుకుని, ఒక్క మాటైనా లేకుండా ఆమె మెట్టు దిగింది.