నా ఫైలు వదిలేసిన ఆఫీసర్

మొదటి రోజే ఆమె మా బావను గది బయట కూర్చోబెట్టి తలుపు వేసేసింది. అక్కకు నేను కిడ్నీ ఇస్తున్నాను. ఇచ్చేవాడి హక్కులు చూసే ఆస్పత్రి ఆఫీసర్ ఆమె. డాక్టర్లు అక్క పక్షం, తను నా పక్షమట. చూపులు మాత్రం దొంగను పట్టుకున్నట్టే ఉన్నాయి.

ఎవరైనా బెదిరించారా, ఆశ పెట్టారా, బావ బతిమాలాడా అని ఆరా తీసింది. ఆఖరి నిమిషంలోనైనా వద్దనొచ్చని, కారణం ఇంట్లోవాళ్లకు చెప్పరని, ఆపరేషన్‌కి సెలవు పెడితే ఉద్యోగం ఊడకుండా చట్టం కాపాడుతుందని వివరించింది. నాకు ఒళ్లు మండింది. నన్ను వెనక్కి లాగడమే ఈవిడ పనేమో అనిపించింది.

"నా మీద అంత అనుమానం దేనికండీ?"

"మీ మీద కాదు. మీ చుట్టూ ఉన్నవాళ్ల మీద," అంది నవ్వకుండా.

రెండోసారి అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడిగింది. చిన్నప్పుడు అక్క నన్ను సైకిలెక్కించుకుని తిన్నగా కాలవలోకి తోలిన సంగతి చెప్పాను. అప్పుడు మాత్రం పెన్ను పక్కన పెట్టి హాయిగా నవ్వింది. ఆ నవ్వు కోసమే మూడోసారి గంట ముందు వెళ్లాను.

తీరా చూస్తే కుర్చీలో ఓ బట్టతల పెద్దాయన ఉన్నాడు. ఆవిడ నా ఫైలు వదిలేసిందట. విచారణ మళ్లీ మొదటి నుంచట.

నా గురించి ఏం రాసిందో, ఆపరేషన్ ఆగితే అక్క ఏమైపోతుందో అని పరుగెత్తాను. ఆమె వరండాలో తడిసిన గొడుగు విదిలిస్తోంది.

"నా మీద ఏం రాశారు?"

"మీ మీద ఏమీ రాయలేదు. నా మీదే రాసుకున్నాను."

"ఏమని?"

ఆమె గొడుగు మడిచి గోడకు ఆనించింది. "మీ విచారణ పూర్తయ్యేదాకా ఇది చెప్పకూడదు. మీరు నన్ను అపార్థం చేసుకుంటున్నారు కాబట్టి చెప్తున్నా. మీరు ఆపరేషన్ వద్దంటే బాగుండునని నిన్న నాకు అనిపించింది. మీ కోసం కాదు, నా కోసం. అలాంటి మనిషి ఆ కుర్చీలో కూర్చోకూడదు."

నా సంతోషానికి అంతులేదు. అయినా అనుమానం పోలేదు.

"ఇది కూడా పరీక్షేనా? మీ కోసం వెనక్కి తగ్గుతానేమోనని?"

"తగ్గుతారా?"

"లేదండీ. అక్కకు ఇచ్చి తీరతాను."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆపరేషన్ అయ్యాక చూడ్డానికి రావచ్చా అని మెల్లగా అడిగింది. అన్ని ప్రశ్నల్లో ఆమె భయపడుతూ అడిగింది అదొక్కటే.

రమ్మన్నాను.