యాష్‌ట్రే సందులో రేడియో

ఒమాహాలో ఒక క్షౌరశాల వెనక గది. గూఢచారి ఆఫీసు పై అధికారి స్ట్రాడ్ ఒక ఫోటోను బల్ల మీదికి విసిరాడు. అందులో ఒక లారీ తలకిందులుగా పడి ఉంది.

"డ్రైవర్?" అన్నాడు ఏజెంట్ వెండెల్ హార్క్‌నెస్.

"పోయాడు. సరుకు మాయం."

"ఎవరి పని సార్?"

"విదేశీ ముఠా. వాళ్ళకో ఆడమనిషి ఉంది. లారీవాళ్ళు దారిలో మాట్లాడుకునే సీబీ రేడియోలో మ్యాగ్నోలియా అని పేరు పెట్టుకుని, దక్షిణాది యాసలో సాగదీస్తూ మాట్లాడుతుంది. లారీవాళ్ళందరికీ ముద్దుల చెల్లెలు. 'ముందు పోలీసులున్నారు, పాత రోడ్డు పట్టండి' అంది. వాడు పట్టాడు. ఆ రోడ్డులో చంపేశారు."

స్ట్రాడ్ గొంతు తగ్గించాడు. రేపు ఇంకో లారీ కాలిఫోర్నియా బయలుదేరుతోంది. డ్రైవర్ పేరు ఎమ్మెట్. రేడియోలో అతన్ని అందరూ బంగాళాదుంప అంటారు. బట్టలుతికే మిషన్లు తీసుకెళుతున్నానని అతని నమ్మకం. ఒక మిషన్లో మాత్రం ఉపగ్రహానికి అమర్చే కెమెరా కన్ను ఉంది.

"అతనికి చెప్పేస్తే పోతుందిగా?"

"చెబితే వణుకుతాడు. వణికితే దొరికిపోతాడు. నువ్వు వెనకాలే వెళ్ళు. పోలీసుల్ని పిలవకు, మనలోనే ఎవరో వాళ్ళకి కబురందిస్తున్నారు. నువ్వు విగ్గులు అమ్మే సేల్స్‌మన్‌వి. కారు బయట ఉంది."

బయట ఉన్నది కారని వెండెల్‌కి వెంటనే తట్టలేదు. నారింజరంగు, రెండు తలుపులు. వెనక సీటంతా విగ్గుల పెట్టెలు. ఆరడుగుల మనిషి అందులో కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి అటూ ఇటూ వచ్చాయి. ఆఫీసువాళ్ళకి పెట్రోలు పొదుపు చేయాలన్న బుద్ధి పుట్టడానికి వేరే వేళే దొరకలేదు కాబోలు.

అసలు తలనొప్పి రేడియోతో మొదలైంది. ఆఫీసు ఇచ్చిన సీబీ సెట్టు నలభై ఛానళ్ళది, బ్రెడ్డు పెట్టెంత ఉంది. డాష్‌బోర్డు కింద బిగిస్తే బ్రేకు మీద కాలు పెట్టడానికి చోటు లేదు. పక్కసీటు ముందు పెడితే తలుపు పడలేదు. వెండెల్ బెర్లిన్‌లో గోడ దూకినవాడు, బీరూట్‌లో రెండు గుళ్ళు తిని బతికినవాడు. ఆ పెట్టె పట్టుకుని వీధిలో నిలబడితే ఏడుపొచ్చినంత పనైంది.

"చిన్న కారుకి పెద్ద రేడియో ఎందుకండీ?" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

టెక్నికల్ విభాగం కొరిన్. క్రీమ్ రంగు కోటు, నల్ల కళ్ళద్దాలు, టైపు మిషన్ కొట్టినట్టు టకటకా మాట. ఆమె కారిడార్లో నడిస్తే ఆఫీసులో పనులాగిపోతాయి. చేతిసంచిలోంచి చిన్న మైకు తీసి చూపించింది.

"మీటలన్నీ ఈ మైకులోనే. మిగతా పెట్టె సీటు కింద దాగిపోతుంది. బయటి నుంచి చూసేవాడికి రేడియో ఉన్నట్టే తెలీదు. మీలాంటివారికి సరిగ్గా ఇదే, మిస్టర్ హార్క్‌నెస్."

"మీరు దేవత, మేడమ్," అన్నాడు వెండెల్ మనస్ఫూర్తిగా.

నెబ్రాస్కా సగం దాటకముందే ఆ దేవతని నోరారా తిట్టుకున్నాడు. సీటు కింది నుంచి వచ్చే వైరు గేరు రాడ్‌కి చుట్టుకుంటోంది. మూడో గేరు వేస్తే మైకు ఒళ్ళో పడుతుంది, నాలుగోది వేస్తే గుంజుకుపోతుంది. ముందు ఎమ్మెట్ లారీ హాయిగా దూసుకుపోతోంది. వెండెల్ మాత్రం ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో వైరు పట్టుకుని, ఊడిపోతున్న పెట్టుడు మీసాన్ని పళ్ళతో బిగించుకుంటున్నాడు.

ఎమ్మెట్ భోజనానికి లారీ ఆపాడు. వెండెల్ ఆ లారీల అడ్డాలోనే ఉన్న రేడియో దుకాణంలోకి దూరి, కొరిన్ ఇచ్చిన సెట్టును కౌంటర్ మీద పడేశాడు.

"ఇది తీసేయండి. గేరుకి అడ్డం రానిది ఏదైనా సరే, ఇవ్వండి."

కొట్టువాడు దాన్ని మీటరుకి తగిలించి పెదవి విరిచాడు. "అందంగా ఉంది గానీ గురూ, మూగది. నీకు అందరి మాటా వినిపిస్తుంది, నీ మాట ఎవడికీ వినిపించదు. ఎవరో లోపల తీగ తెంపారు."

"తెంపడమేంటి, మా ఆఫీసు సామాన్లన్నీ అంతే," అని వెండెల్ పళ్ళు నూరాడు. ఆఫీసు మీద కోపంలో అంతకుమించి ఆలోచన సాగలేదు.

కొట్టువాడు మూడు సెట్లు చూపించాడు. మొదటిదానికి లైట్లెక్కువ. రెండోది కారులో సగముంది. మూడోది గోధుమరంగుది, సబ్బు పెట్టెంత, రెండంటే రెండు మీటలు. చూడ్డానికి దరిద్రంగా ఉంది. యాష్‌ట్రే ఊడబీకి ఆ సందులో తోస్తే మాత్రం అక్కడే పుట్టినట్టు ఇమిడిపోయింది. కొట్టువాడు కారు పైన అయస్కాంతం ఏరియల్ అంటించి, మీటరు పెట్టి సరిచేశాడు. వెండెల్ మూడో గేరు వేశాడు, నాలుగోది వేశాడు. ఏదీ ఒళ్ళో పడలేదు. పొద్దున్నించి అతను నవ్వింది అప్పుడే.

వయోమింగ్‌లో అడుగుపెట్టేసరికి ఎదురుగాలి మొదలైంది. ఎంత తొక్కినా నారింజ కారు లారీని దాటలేకపోతోంది. అప్పుడు లారీవాళ్ళంతా వినే పంతొమ్మిదో ఛానల్లో తీయటి గొంతు పలికింది.

"పడమటికి పోయే అన్నయ్యలూ... మీ మ్యాగ్నోలియానీ... ఎల్క్ మౌంటెన్ దగ్గర ఎలుగుబంట్లు కాపు కాశాయి... లారమీలో దిగి, మెడిసిన్ బో మీదుగా పాత రోడ్డు పట్టండీ..."

లారీవాళ్ళ భాషలో ఎలుగుబంటంటే పోలీసు.

"చల్లగా ఉండు తల్లీ," అన్నాడు ఎమ్మెట్. "బంగాళాదుంప దిగుతున్నాడు."

వెండెల్ మైకు లాక్కున్నాడు. "బంగాళాదుంపా, దిగొద్దు! ఎల్క్ మౌంటెన్ దగ్గర ఎవరూ లేరు. రోడ్డు ఖాళీ. తిన్నగా పోనీ!"

రేడియో గరగరలాడింది.

"ఎవడ్రా వీడు?" అని ముసలి గేదె అనే ఇంకో డ్రైవర్ అడిగాడు. "రోడ్డు ఖాళీ, రండి రండి అంటున్నాడంటే వీడే ఎలుగుబంటి!"

"పొద కింద కూర్చుని పిలుస్తున్నాడు!" అని మరొకడు పగలబడి నవ్వాడు.

"బాబూ, నిజం చెబుతున్నా!"

"పోలీసోళ్ళందరూ అదే అంటారు బాబూ!"

వెండెల్‌కి స్టీరింగు పీకి బయట పారేయాలనిపించింది. ముందు లారీ కుడివైపు లైటు ఆర్పి వెలిగిస్తోంది. ఆ మలుపు తిరిగితే ఎమ్మెట్ ప్రాణం పోయినట్టే. అప్పుడు తెలిసింది అతనికి. ఈ ఛానల్లో మంచి కబురు నమ్మేవాడు లేడు. చెడ్డ కబురైతే ముక్కూమొహం తెలియనివాడు చెప్పినా నమ్ముతారు.

"సరే, మీ ఇష్టం!" అని అరిచాడు. "నేను ఆ పాత రోడ్డు మీదనుంచే వస్తున్నా. రాక్ రివర్ దగ్గర లారీలు ఆపి తూకం వేస్తున్నారు. బరువెక్కువైందని ఒకడి చేత సరుకంతా నేల మీదకి దింపించారు. పాపం ఏడుస్తున్నాడు!"

"తూకమా? చచ్చాం!" అన్నాడు ముసలి గేదె.

"అబద్ధం!" అంది మ్యాగ్నోలియా. "పాత రోడ్డు ఖాళీగా ఉంది అన్నయ్యలూ... రండీ... నన్ను నమ్మండీ..."

గరగర.

"ఏంటి గురూ, ఈవిడ మరీ ఇంత పట్టుబట్టి పిలుస్తోంది?"

"ఎలుగుబంటి పెళ్ళామేమో!"

"మూర్ఖుల్లారా, దిగమంటే దిగండి!" ఈసారి సాగదీత లేదు. టైపు మిషన్ కొట్టినట్టు టకటకా వచ్చింది మాట. ఆ మాటతీరు వెండెల్ ఇంతకు ముందే విన్నాడు, క్షౌరశాల బయట.

లారీ ముందు చక్రాలు మలుపులోకి దిగాయి. "ఎల్క్ మౌంటెన్ దగ్గరైతే మెల్లగా పోతే సరి," అని గొణిగాడు ఎమ్మెట్. "తూకమైతే కొంప మునుగుతుంది." పెద్ద లారీ ఒక్క ఊపు ఊగి, కంకర ఎగజిమ్ముతూ మళ్ళీ పెద్ద రోడ్డెక్కింది.

వెండెల్ మాత్రం మలుపు తిరిగాడు. గొంతు అంత గట్టిగా వినిపించిందంటే ఆమె ఆ పాత రోడ్డు మొదట్లోనే ఉండాలి. వంతెన పక్కన తెల్ల కారులో కొరిన్ మైకు పట్టుకునే ఉంది. నారింజ కారును అడ్డంగా పెట్టి, పిస్తోలు తీశాడు. ఆమె అతని వైపు కాక, డాష్‌బోర్డు వైపు చూసింది.

"నేనిచ్చింది ఏం చేశారు?"

"మార్చేశాను మేడమ్."

"నన్ను అనుమానించారా?"

"లేదు. గేరు పడలేదు."

కొరిన్ కళ్ళు మూసుకుంది. సంకెళ్ళకి చేతులు చాపింది.

వెండెల్ కబురందుకుని చీకటి పడకముందే స్ట్రాడ్ మనుషులు పాత రోడ్డులో పొంచి ఉన్న ముఠాను తుపాకులతో సహా పట్టుకున్నారు. ఒక్క దొంగ గానీ, ఒక్క పోలీసు గానీ లేకుండా ఆ దారి శుభ్రమైంది. పాపం లారీవాళ్ళకి ఒక మంచి మాట చెబుదామని వెండెల్ మైకు తీసుకున్నాడు.

"పాత రోడ్డు ఇప్పుడు నిజంగా ఖాళీ గురూ. తూకం లేదు, ఎవరూ లేరు. ధైర్యంగా రావచ్చు."

"విన్నావా బంగాళాదుంపా?" అన్నాడు ముసలి గేదె. "పాపం, పోలీసులు ఇతన్ని కూడా కొనేశారు."