మూడు షిఫ్టుల చాప

మా లేఅవుట్ పేరు ఎంత గొప్పదో చోటు అంత బీదది. ఒక పక్క చాంపియన్ రీఫ్స్‌లో మూతపడ్డ బంగారు గని, ఇంకో పక్క బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి పోసిన బూడిదరంగు దిబ్బ. గాలి లేచిందంటే నోట్లో ముద్ద కరకరలాడుతుంది. ఒకప్పుడు ఇక్కడ రాగి చేలు ఉండేవట. తర్వాత గని కూలీల లైన్ ఇళ్ళు వచ్చాయి. గని మూశాక వాటిని జేసీబీతో చదును చేసి, సైట్లు వేసి అమ్మారు. పెద్ద తెలివైనవాణ్ణి కదా, చవగ్గా వస్తోందని నేనూ ఒకటి కొని ఇల్లు కట్టాను.

నేనూ నా భార్య నేత్రావతీ వేమగల్‌లో ఒకే ఫ్యాక్టరీలో పని చేస్తాం. ఆమెది పొద్దుటి షిఫ్టు, నాది రాత్రిది. సెలవులు కూడా కలిసేవి కావు, ఒక్క రాత్రీ కలిసి పడుకున్నది లేదు. తెల్లవారుజామున అయిదింటికి ఆమె బస్సెక్కితే, ఏడున్నరకు నేను ఇల్లు చేరేవాణ్ణి. అప్పటికీ పరుపు మీద ఆమె పడుకున్న చోటు వెచ్చగా ఉండేది. అందులో మొహం పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి. ఎనిమిది నెలలు అదే నా కాపురం.

చివరికి సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడి ఆమె షిఫ్టే వేయించుకున్నాను. మొదటి రోజు మధ్యాహ్నం ఇద్దరం కలిసి బస్సు దిగాం. నేత్ర ముందు నడిచింది. లేఅవుట్ గేటు దగ్గర టీ కొట్టు దొడ్డమునియప్ప నన్ను ఆపాడు. ముప్పై ఏళ్ళు గనిలో దిగిన మనిషి.

"ఇద్దురూ ఒకే షిఫ్టా, నందీశప్పా?"

"అవును తాతా. ఇన్నాళ్ళూ ఉత్త పరుపు వెచ్చదనంతోనే బతికినాను."

ఆయన నవ్వలేదు.

"ఆ యమ్మ బస్సెక్కి రెండు గంటలు దాటినాక పరుపు వెచ్చగా యాడుంటాదప్పా? లైన్ ఇండ్లలో రూముకు ముగ్గురు, ఒకటే చాప. షిఫ్టు దిగి వచ్చినోడు పండుకున్నోని కాలు తట్టేది, వాడు లేసి పనికి పొయ్యేది. ఆ చాప ఎప్పుడూ సల్లారలేదు. ఇంగ మీరిద్దురూ పండుకుంటే, వచ్చినోనికి చోటేదీ?"

ముసలాయనకు పొద్దుపోక చెబుతున్నాడనుకున్నాను.

ఇంటికి పోయి తిని పడుకున్నాం. బయట మబ్బు పట్టింది. నేత్ర చెయ్యి నా చేతిలో ఉంది. ఎంత సంతోషంగా ఉండిందో చెప్పలేను.

మెలకువ వచ్చేసరికి గదిలో తడిరాయి వాసన... దానిలో కలిసి గనిలో రాళ్ళు పేల్చే మందు వాసన.

ఎవరో నా కాలు తట్టారు.

"లెయ్యప్పా... నా టైమైంది."

నేత్రను పిలవాలనుకున్నాను. నోరు పెగల్లేదు. కాళ్ళు వాటంతటవే నేల మీదికి దిగాయి. నేను ఆపలేకపోయాను. వెనక పరుపు కుంగిన చప్పుడు... దుప్పటి లాక్కున్న చప్పుడు. నేత్ర నిద్రలోనే అటు తిరిగి, ఎవరి మీదో చెయ్యి వేసింది.

నా కాళ్ళు నన్ను వీధిలోకి తీసుకుపోయాయి. పట్టపగలు. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. లోపల అరుస్తూనే ఉన్నాను, బయటికి ఒక్క మాటా రాలేదు. దొడ్డమునియప్ప నన్ను చూసి, బెంచీ కింద కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాడు. గని కంచె దగ్గర నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు.

వీధి దీపాలు వెలిగాక కాళ్ళు నావయ్యాయి. ఇంటికి పరుగెత్తి తలుపు బాదాను. నేత్ర సగం తెరిచింది.

"ఎవురన్నా నువ్వు?"

"నేనే నేత్రా! నందీశ్‌ని!"

ఆమె కళ్ళలో పరిహాసం లేదు. దారినపోయేవాణ్ణి చూసినట్టు చూసింది.

"మెల్లగా మాట్లాడన్నా. ఆయన పండుకోనుండాడు. రేపు రా."

లోపల నా ఫోను మోగింది. ముళబాగిలు నుంచి మా అమ్మ రోజూ ఏడింటికి చేసే ఫోను. అమ్మకైనా నా గొంతు తెలియదా అని ప్రాణం లేచొచ్చింది. రెండుసార్లు మోగి ఆగింది.

నేత్ర తలుపు వేసుకుంది. లోపలినుంచి నా గొంతే వినబడింది. నింపాదిగా, ఆప్యాయంగా.

"చెప్పమ్మా... బువ్వ తింటివా? నాకేం, బాగుండాను. ఇంగ యాడికీ పోనమ్మా... ఇంట్లోనే ఉంటాను."